నిన్నటి పులుసు వాసన

ఆ పొద్దు ఆకాశం వానకు సిద్ధపడి మళ్లీ మనసు మార్చుకున్నట్టుంది. సముద్రం మీద నల్లగా గుమిగూడిన మబ్బు తెల్లారేసరికి పడమటి గాలికి చెదిరి, పాత వలలాగా చిరుగులు పడింది. చిరుగుల్లోంచి ఎండ దిగుతోంది. అంకాలమ్మ గుడిసె ముందు నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "పడదు మే ఇది. ఉత్త బెదిరింపు" అంది.

కూతురు గంగాభవాని చెప్పులు వేసుకుంటోంది. కరోనా తగ్గి, మళ్లీ పరీక్ష చేసి ఏమీ లేదన్నాక, నర్సు డ్యూటీకి పోవడం ఆమెకు ఇదే మొదలు.

"ఆ మాస్కు కట్టుకో."

"రోడ్డు దాకా ఎవరుండారమ్మా?"

"రోగానికి కాదులే. నీ మొగం కనిపిస్తే తలుపులేసుకుంటుండారు. కట్టుకుంటే ఎవురో అనుకుంటారు."

గంగాభవానికి నవ్వొచ్చింది. నవ్వుతూనే మాస్కు కట్టుకుంది. ఆసుపత్రి నుంచి రోగం తెచ్చిందని ఆ జాలరి పాళెంలో ఆమెకు పేరు పడింది. అంకాలమ్మ గంపలో చేపలు కొనేవాళ్లు లేక మధ్యాహ్నానికి ఉప్పులో పడుతున్నాయి. పాళెం నుంచి గంగాభవాని వెనక ఇద్దరాడపిల్లలు నెల్లూరులో నర్సింగు చదువుతున్నారు. వాళ్ల తల్లులు కూడా ఇప్పుడు ఎదురొస్తే పక్కకు తప్పుకుంటున్నారు.

ఆసుపత్రి వ్యాను ఇదివరకు పాళెం మొగదాకా వచ్చేది. ఇప్పుడు రాదు. ఉప్పు పండే కయ్యల పక్కగా గంగాభవాని పెద్ద రోడ్డు దాకా నడిచింది. వ్యాను ఆగింది. డ్రైవరు తల తిప్పకుండానే వెనక సీటు చూపించాడు.

గేటు దగ్గర ఆఫీసరు నరేంద్రబాబు తనే జ్వరం చూసే మిషను పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆసుపత్రిని నడిపించేది ఆయనే. చెడ్డవాడు కాడు. మాస్కులు దొరకని రోజుల్లో సొంత కారులో ఊళ్లు తిరిగి మూటలు తెచ్చినవాడు. గంగాభవాని నుదుటికి మిషను పెట్టి, "బాగుండావా అమ్మా?" అన్నాడు.

"బాగుండాను సార్. వార్డుకు పోతా."

"వార్డుకు వద్దులే." ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు జ్వరంతో పడినాక ఇంకా ఇద్దరు సిస్టర్లు పడినారు. మొదలు నీతోనే. మిగతా వాళ్లంతా హాస్టల్లో ఉండేవాళ్లు. బయటి నుంచి వచ్చేదానివి నువ్వొక్కదానివే. రేవులో చేపల వేలంపాట జరిగేటప్పుడు ఎవరు మాస్కు పెడతారో నువ్వే చెప్పు."

"వార్డులో కూడా చేసినాను గద సార్."

"వార్డులో ఒళ్లంతా కప్పే కిట్టుండాది గదమ్మా!"

కిట్టు ఉన్న మాట నిజమే.

"ఈ నెలంతా కిట్లు తొడిగే గదిలో చెయ్యి. నెల కాగానే కాంట్రాక్టు సంగతి చూస్తాం. పాళెం వాళ్లను ఇంక తీసుకోవద్దని కమిటీలో అనుకుంటుండారు. నా చేతిలో లేదు" అని, ఆయన తరువాతి మనిషి నుదుటి వైపు తిరిగాడు.

కిట్లు తొడగడం చిన్న పనేమీ కాదు. అద్దాలకు సబ్బునీళ్లు రుద్ది ఆరబెట్టాలి, లేకపోతే లోపల ఆవిరి పట్టి కళ్లు కనపడవు. చేతి తొడుగుకూ చొక్కా అంచుకూ మధ్య సందు లేకుండా ప్లాస్టర్ చుట్టాలి. మొహాలు కనపడవు కాబట్టి వీపు మీద పేరు రాయాలి. గంగాభవాని ఒక్కొక్కరినీ తిప్పి తిప్పి చూసి, మెడ దగ్గర మడతలు సరిచేసి పంపింది. పొట్టిపిల్ల లిల్లీకి కిట్టు ఎప్పుడూ వదులే. నడుం దగ్గర ప్లాస్టర్‌తో ఒక పట్టీ వేసింది.

"పొద్దున్నుంచి తలకాయ పగిలిపోతుండాదక్కా" అంది లిల్లీ.

"నీళ్లు తాగినావా?"

"తాగితే మళ్లీ బాత్రూముకు పోవాల గదా. ఇది విప్పి, మళ్లీ తొడిగి... మధ్యాహ్నం తాగుతాలే."

మధ్యాహ్నం వాళ్లు బయటికి వచ్చేసరికి వేళ్లు చాకిరేవులో నానినట్టు ముడతలు పడి ఉంటాయి. ముక్కు మీద ఎర్రటి గాట్లుంటాయి. కడిగి, బట్టలు మార్చి, అందరూ పరిగెత్తేది ఒకే చోటికి. పాత దుప్పట్ల గది. పక్క వార్డు కరోనా వార్డయిన రోజున హెడ్‌నర్సు పుష్పకుమారి స్టూలెక్కి, ఆ గది కిటికీల సందులన్నిటికీ తన చేత్తో ప్లాస్టర్ అంటించింది. పురుగు దూరే సందు కూడా వదల్లేదు. లోపల ఏసీ. గోడకు వరసగా మేకులు, మేకులకు మాస్కులు. "ఇది మన కోట. ఇందులోకి దాని తాత కూడా రాలేదు" అనేది పుష్పకుమారి.

ఆమెది బుచ్చిరెడ్డిపాలెం. మాటా పెద్దదే, చెయ్యీ పెద్దదే. అందరి క్యారియర్లలోని అన్నం ఒక స్టీలు బేసిన్‌లో కుమ్మరించి, పులుసు పోసి కలిపి, పేరు పెట్టి పిలిచి అరచేతిలో ముద్ద పెట్టేది. ఆమె చేతి ముద్ద తినని నర్సు ఆ ఆసుపత్రిలో లేదు. జ్వరం రాకముందు ఆ వరసలో గంగాభవానిది రెండో ముద్ద.

ఆరోజు ఆమె తలుపు దగ్గరికి పోయేసరికి లిల్లీ పళ్లెం పట్టుకుని ఎదురొచ్చింది. కళ్లెత్తలేదు. "అక్కా, నీకు బయట పెట్టమనింది పెద్దక్క."

తలుపు సందులోంచి పుష్పకుమారి గొంతు వచ్చింది. "గంగా, కోపం చేసుకోబాకమ్మా. ఈ నెలకు అట్టా కానీ."

తలుపు మూసుకుంది. లోపల ఎవరో ఏదో అన్నారు. అందరూ నవ్వారు.

వెనక మెట్ల మీద ఆయా కామమ్మ అప్పటికే కూర్చుని తింటోంది. వార్డులో మలమూత్రాలు ఎత్తేది ఆమె. విప్పిపారేసిన కిట్లు పసుపు సంచుల్లో కుక్కేది ఆమె. దుప్పట్ల గదిలోకి రావద్దని కామమ్మతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. ఆమె వంతు ముద్దలు పళ్లెంలో పెట్టి గడప బయట ఉంచేవాళ్లు.

"రా సిస్టరూ రా!" అని కామమ్మ జరిగింది. "ఇన్నేళ్లకు మా మెట్లకు చదువుకున్నోళ్లొచ్చినారు. కుర్చీ ఎయ్యమంటావా?"

"ఎగతాళి చెయ్యబాక పెద్దమ్మా."

"ఎగతాళేముంది? ఈడ గాలన్నా వస్తాది. ఆ గదిలో ఏముందంట, ఐసు డబ్బా."

మెట్ల ఎదురుగా కారు షెడ్డు, దాని వెనక సరుగుడు తోపు. ఆ వెనక సముద్రం. మధ్యాహ్నానికి గాలి తిరిగి సముద్రం మీదనుంచి కొడుతోంది. గంగాభవాని ముద్ద నోట్లో పెట్టుకుంది. కానగంత చేపల పులుసు. ముద్ద దిగలేదు. పులుసు బాగానే ఉంది.

"నీకు రాలేదు గదా పెద్దమ్మా?"

"ముక్కులో పుల్ల పెట్టినప్పుడల్లా ఏమీ లేదనే అంటుండారు. పిలవని పేరంటానికి నేను పోను, అది నా కాడికి రాదు" అని కామమ్మ వేళ్లు నాక్కుంది. "నీకు ఆ చేపముక్క వద్దా? ఇట్టా పారెయ్."

మర్నాడు పొద్దున లిల్లీకి జ్వరం. పుల్ల పెట్టి చూస్తే పాజిటివ్.

నరేంద్రబాబు కిట్లు తొడిగే గది గుమ్మంలో నిలబడ్డాడు. "నిన్న ఆ పిల్లకు కిట్టు తొడిగింది ఎవరు?"

అక్కడున్నవాళ్లు నోటితో చెప్పలేదు. చూపులతో చెప్పారు.

"సార్, నేను నిన్ననే వచ్చినా. ఆ పిల్ల పొద్దున్నే తలకాయ నొప్పి అనింది. ఒక్క పూటలో వచ్చేది కాదు గద సార్ ఇది."

"నాకు వాదన వద్దమ్మా. నేను మనుషుల్ని కాపాడుకోవాల." ఆయన నిజంగానే అలిసిపోయి ఉన్నాడు. "రేపట్నుంచి రాబాక. నీ సామాను ఏమన్నా ఉంటే తీసుకుని పో. కబురు చేస్తాం."

ఆ కబురు ఎటువంటిదో ఆమెకు తెలుసు. అది తన ఒక్కదాని గురించే కాదనీ తెలుసు. నెల్లూరు హాస్టల్లో చదువుతున్న ఆ ఇద్దరి మొహాలు కళ్ల ముందు మెదిలాయి.

జ్వరానికి ముందు వదిలేసిన ఆమె చేతిసంచీ, పాత క్యారియరు దుప్పట్ల గదిలో ఉన్నాయి. ఇంకా అన్నాల వేళ కాలేదు. గది ఖాళీ. తలుపు తీసింది.

గుప్పున పులుసు వాసన.

గంగాభవాని గడప మీదే ఆగిపోయింది. చుట్టూ చూసింది. అన్నం లేదు, పులుసు లేదు. బేసిన్ నిన్ననే కామమ్మ తోమి పెరట్లో బోర్లించింది. నేల కూడా ఫినాయిలు పెట్టి తుడిచారు. అయినా ఫినాయిలు కింద, నిన్నటి చింతపండూ మెంతీ కానగంతా అట్లాగే ఉన్నాయి, ఎవరో ఇప్పుడే మూత తీసినట్టు.

పాళెంలో పుట్టిన మనిషి. చేపవాసన ఎట్లా వస్తుందో ఎట్లా పోతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. పక్క గుడిసెలో వేపుడు వేస్తే ముక్కుకు తగిలి, రెండోసారి ఊపిరి తీసేసరికి గాలి ఎత్తుకుపోతుంది. ఇసకమీద గంపలకొద్దీ ఎండబెట్టినా గాలి వాలు తప్పితే వాసన ఉండదు. ఇక్కడ నిన్న మధ్యాహ్నం తిన్న పులుసు ఈరోజుకీ బయటికి పోలేదు.

పైన ఏసీ గుర్రుమంటోంది. బయటి గాలిని తెచ్చేది కాదది. ఉన్నదాన్నే చల్లబరిచి మళ్లీ మళ్లీ తిప్పేది. కిటికీల చుట్టూ తెల్లటి ప్లాస్టర్. గోడన మేకులు. తను పడకముందు ఈ గదిలో కూర్చున్న రోజులు ఆమెకు గుర్తొచ్చాయి. మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చోవడం, ఒకరి మాట మీద ఒకరు పడి నవ్వడం. ఎవరికో పొలమారితే అందరూ దగ్గరికి జరిగి నెత్తి మీద తట్టడం.

సంచీ ముట్టుకోకుండానే వెనక్కి తిరిగింది.

పుష్పకుమారి వార్డు బయట బల్ల దగ్గర దూది మడతలు కత్తిరిస్తోంది. రోగం ఆ గదిలోనే అంటుకుంటోందని గంగాభవాని చెప్పినంతసేపు కత్తెర ఆడుతూనే ఉంది. చివరికి ఆగింది.

"అంటే? నా చేతి ముద్దలో రోగం పెట్టినానంటావా?"

"అట్టా అన్లేదక్కా."

"ఇంకెట్టా అన్నావు? పొద్దున్నుంచి నీళ్లు కూడా తాగకుండా చస్తుండారు పిల్లలు. వాళ్లకు ఇంత ముద్ద పెట్టడం కూడా తప్పయిందా? నిన్ను బయట కూర్చోబెట్టినానని మనసులో పెట్టుకుని..."

"కోపముంటే నిన్ననే పోయుందును. ఒక్కసారి వచ్చి తలుపు తీసి నిలబడక్కా. నాది అబద్ధమైతే ఈ గేటు మళ్లీ తొక్కను."

పుష్పకుమారి కత్తెర బల్ల మీద పడేసి లేచింది. దుప్పట్ల గది తలుపు ఒక్క తోపు తోసింది. గడప దాటబోయి ఆగింది. మాస్కు వెనక ముక్కు ఎగబీల్చింది. మళ్లీ ఒకసారి. పెరట్లో బోర్లించిన బేసిన్ వైపు చూసింది.

"నిన్నటిది" అంది మెల్లగా.

"నిన్నటిదే. నీ పులుసే పోలేదు, మన దగ్గూ మన నవ్వూ యాడికి పోతాయక్కా?"

గంగాభవాని వెనక వైపు తిరిగింది. మెట్ల దగ్గర కామమ్మ పసుపు సంచీ మూతి ముడివేస్తోంది.

"కామమ్మ ఏం తినిందక్కా ఇన్నాళ్లూ?"

"ఏం తినేదేంది. నేను పెట్టిందే."

"నీ బేసిన్‌లోదే గదా? నీ చేతి ముద్దే గదా? మనందరికన్నా పాడుపని చేస్తాది. కిట్టు కూడా సరిగ్గా ఇవ్వం. ఒక్కసారి కూడా పడలేదే. ముద్దలో ఏమీ లేదక్కా. ఆమె తినింది మెట్ల మీద. అంతే తేడా."

పుష్పకుమారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి ఎందుకో ఆమెకే తెలియాలి. ముద్ద మీద మచ్చ పోయినందుకో, ఇన్నేళ్లూ ఆ ముద్ద గడప బయట పెట్టినందుకో. తుడుచుకోలేదు. స్టూలు ఈడ్చుకొచ్చి ఎక్కింది. ప్లాస్టర్ కొస గోటితో లేపి ఒక్క లాగు లాగింది. సున్నం పెచ్చుతో సహా వచ్చింది. ఇంకొకటి. ఇంకొకటి. కిటికీ రెక్క ఉప్పుగాలికి తుప్పుపట్టి కదల్లేదు. కామమ్మ తుడుపుకర్ర తెచ్చి దాని కొసతో పొడిచింది. కిర్రుమని తెరుచుకుంది. గదిలో బల్ల మీది కాగితాలు ఎగిరి గోడకు అతుక్కున్నాయి.

"అబ్బ, ఊపిరొచ్చింది ముండకు" అంది కామమ్మ గదిని.

పుష్పకుమారి ఆ ప్లాస్టర్ ముక్కలు చేతిలో ఉండగానే నరేంద్రబాబు గదికి పోయింది. వెనక గంగాభవాని, ఆ వెనక పిలవకుండానే కామమ్మ. పొద్దుటి డ్యూటీ దిగిన సిస్టర్లు కూడా చేరారు.

"సార్, తప్పు పాళెంది కాదు. నా గదిది. ఈ ప్లాస్టర్ వేసింది నేను. మాస్కులు తీసి, తలుపు మూసి, అందరం ఒకరి ఊపిరి ఒకరం పీల్చుకున్నాం. వార్డులో నూరు జాగ్రత్తలు పడి, అన్నం దగ్గర వదిలేసినాం."

నరేంద్రబాబు చాలాసేపు విన్నాడు. మధ్యలో ఒకసారి తన గది ఏసీ వైపు చూశాడు. "సరేనమ్మా. మరి యాడ తింటారు? ఆ కిటికీ తెరిస్తే అవతల కిట్లు కాల్చే గుంత. వార్డుల్లో మంచాలు, వరండాలో మంచాలు. చోటేదీ?"

అందరూ ఆయన వెనకున్న కిటికీ అద్దంలోంచి బయటికి చూస్తున్నారు. ఆయనా తిరిగి చూశాడు. నాలుగు స్తంభాలు, పైన రేకులు, గోడలు లేవు, సముద్రపు గాలి ఇటునుంచి అటు పోతోంది. కింద ఆయన తెల్లకారు నీడన నిద్రపోతోంది.

"ఎండకు సీట్లు..." అని మొదలుపెట్టాడు.

"కారుకు కరోనా రాదు సార్" అంది కామమ్మ.

ఒక సిస్టరు ఆపుకోలేక నవ్వింది. ఆయన కామమ్మ వైపు కోపంగా చూడబోయాడు. చూడలేకపోయాడు. సొరుగులోంచి కారు తాళం తీశాడు. "నా మాట కూడా ఒకటి వినండి. టెస్టులు మళ్లీ వచ్చేదాకా చూస్తా. అప్పటిదాకా గంగాభవాని ఉంటాది. తరవాత కూడా సిస్టర్లు పడుతుంటే, కమిటీ ఏం చెప్తే అదే. అప్పుడు నా కాడికి రాబాకండి."

"వార్డులో, నా పక్కన ఉంటాది" అంది పుష్పకుమారి.

రెండు రోజులకు ఇంకొక సిస్టరు పడింది. నరేంద్రబాబు షెడ్డు చివర నిలబడి గంగాభవాని వైపు చూశాడు. పుష్పకుమారి ఆయన చూపుకు అడ్డంగా వచ్చి నిలబడింది. "అది గదిలో తిన్న నాటిది సార్. మీరూ లెక్క తెలిసినవాళ్లే. ఓపిక పట్టండి." ఆయన వెనక్కి తిరిగి తన గదికి పోయాడు. ఆ రాత్రంతా గంగాభవానికి నిద్ర లేదు. పక్కలో అంకాలమ్మ, "ఏంది మే, చేపలాగా కొట్టుకుంటుండావు" అని విసుక్కుంది.

కారు తీసిన నాడే షెడ్డు కింద పుష్పకుమారి ఇటుకపొడితో నేలమీద ముగ్గులు వేసింది. ముగ్గుకొక మనిషి. ఇద్దరి మధ్య మంచం పట్టేంత ఎడం. బేసిన్ ఉంది, చేత్తో కలపడం మానింది. మాస్కు తియ్యకముందే గరిటెతో ఎవరి పళ్లెంలో వాళ్లకు వడ్డించేది. ఒకటే చట్టం పెట్టారు. మాస్కు దిగితే మాట లేదు. మాట కావాలంటే మాస్కు ఎక్కించుకోవాలి. ఆ చట్టంతో అందరికన్నా ఎక్కువ బాధపడింది పుష్పకుమారే. నోటినిండా అన్నంతో కళ్లూ కనుబొమలూ ఎగరేసి, ఎవరు తక్కువ తింటున్నారో చూపించి తిట్టేది. మొదటిరోజు ఒక ముగ్గు ఎక్కువ కనిపిస్తే అది ఎవరిదని అడిగారు. పుష్పకుమారి మెట్ల వైపు తిరిగి, "కామమ్మా, పులుసు చల్లారిపోతుండాది" అని కేకేసింది. కామమ్మ ఒక్క నిమిషం లేవలేదు. ఆ తరవాత చీర దులుపుకుని వచ్చి, తనకు చూపించిన ముగ్గు కాదని, గాలి బాగా తగిలే మూల ముగ్గులో కూర్చుంది.

టెస్టులు వచ్చిన రోజు నరేంద్రబాబు తనే షెడ్డు దగ్గరికి నడిచి వచ్చాడు. నర్సులందరూ అప్పుడే కడుక్కుని వచ్చి నిలబడ్డారు. ఎవరికీ లేదన్నాడు. మళ్లీ ఇంకోసారి, ఒక్కరికి కూడా లేదన్నాడు. పుష్పకుమారి గంగాభవాని వీపు మీద తన పెద్ద చేత్తో ఒక్కటి చరిచింది. పక్క వార్డు దాకా వినపడింది.

"కమిటీకి చెప్పినాను" అన్నాడు నరేంద్రబాబు గంగాభవానితో. ఆమె మొహంలోకి సూటిగా చూడడానికి కొంచెం కష్టపడ్డాడు. "నీ పేరు కాంట్రాక్టులో ఉండాది. రేపట్నుంచి వ్యాను పాళెం దాకా వస్తాది. ఇంకా ఇద్దరు పిల్లలు చదువుతుండారంట గదా అక్కడ. అయిపోగానే నా కాడికి పంపు."

"పంపిస్తా సార్."

ఆయన వెళ్లబోతుంటే పుష్పకుమారి అడ్డుపడింది. "అన్నం తినిపోండి సార్. గదిలో ఒక్కరే తలుపేసుకుని తింటే మళ్లీ మొదలు."

ఆయన ఎండలో మాడుతున్న తన కారు వైపు చూసి, బూట్లు విప్పి, ఒక ముగ్గులో మఠం వేసుకుని కూర్చున్నాడు.

గేటు దగ్గర అంకాలమ్మ గొంతు వినిపించింది. వాచ్‌మన్‌తో తగువు పెట్టుకుంటోంది. "పాళెం రోగం కాదని మీ పెద్ద నర్సే చెప్పిందంట గదా, ఇంకేంది అడ్డం? జరుగు." గంప నెత్తిన పెట్టుకుని వచ్చి షెడ్డు బయట దించింది. పొద్దుటి వేటలో పడిన వంజరం, ఇంటి దగ్గరే పులుసు పెట్టి మూత గట్టిగా కట్టి తెచ్చింది. ఎవరూ డబ్బు మాట ఎత్తకముందే, "ఇది అమ్మేది కాదు" అంది.

పుష్పకుమారి గరిటెతో అందరికీ వడ్డించింది. అంకాలమ్మకూ ఒక ముగ్గు చూపించింది. తనూ కూర్చుంది. మాస్కులు ఒక్కొక్కటే దిగాయి. ముక్కుల మీద గాట్లు, ఎండిన పెదాలు, పొద్దున్నుంచి ఒకరివొకరు చూసుకోని మొహాలు. అప్పుడే గాలి తిరిగింది. పులుసు వాసన ఒక్కసారి అందరి ముక్కులకూ తగిలి, సరుగుడు తోపు దాటి ఎటో పోయింది.

కామమ్మ పళ్లెం ముందుకు జరిపింది. పుష్పకుమారి లేచి, మాస్కు ఎక్కించుకుని, ఇంకొక ముక్క వేసి వచ్చి కూర్చుంది. నరేంద్రబాబు ముల్లు ఏరుకోలేక తంటాలు పడుతుంటే అంకాలమ్మ దూరంనుంచే వేళ్లతో ఎట్లా తియ్యాలో చూపించింది. గంగాభవాని ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. దిగింది. ఇంకొకటి చేసింది. తోపు అవతల అలల చప్పుడు వస్తూనే ఉంది. అందరూ తింటున్నారు.